ఒక్క సందేహం

ఆన్‌లైన్‌లో పాఠం చెబుతుంటే మధ్యలో నా ఫోను మైకు మూగబోయింది. క్లాసు ఆపకుండానే ఫోను పట్టుకుని వీధి చివర రిపేరు షాపుకు పరుగెత్తాను.

అక్కడ బల్లమీద వరసగా ఫోన్లు. అన్నిటిలోనూ ఆయాసపడుతున్న నా మొహమే!

"అయ్యో, సార్, మీరా?" షాపతను లేచి నిలబడ్డాడు.

"నా స్టూడెంట్ల ఫోన్లు నీ దగ్గరేంటయ్యా?"

"అందరూ పనులకి పోతున్నారు సార్. పని మానేస్తే ఫీజెలా కడతారు? క్లాసులో ఉన్నట్టు కనబడాలి కదా, నాకిచ్చి పోతారు."

ఒళ్లు మండింది. కాలేజీవాళ్లు ఈ దూరవిద్య కోర్సు ఎత్తేస్తామంటే, సగం జీతానికైనా చెబుతానని కాళ్లావేళ్లా పడి నిలబెట్టాను.

"పోనీ, ఒక్క అమ్మాయైనా వింటోందిలే," అన్నాను చివరికి. "రోజూ 'అదెందుకు సార్?' అని మెసేజ్ పెడుతుంది. ఆ ఒక్క సందేహం కోసమే గొంతు చించుకుంటున్నాను."

అతను తల గోక్కున్నాడు.

"ఆ మెసేజ్ పెట్టేది నేనే సార్. ఎవరూ ఏ సందేహమూ అడక్కపోతే మీకు అనుమానం వస్తుందని..."