గింజల గది

ఆ రోజు ఇంట్లో నానమ్మ, బాబాయి, పిన్ని, పిన్ని ఒళ్లో నెలల పాప, పిచ్చుక ఉన్నారు. పిచ్చుకంటే పిట్ట కాదు. బక్కగా ఉంటుందని, మాట్లాడినా వినబడదని బాబాయి తన అన్న కూతురికి పెట్టిన పేరు.

ఎండిన కందులు గింజల గదిలోకి చేరాయి. పురుగు పట్టకుండా మందు కలపడమే మిగిలింది. ఆ పని ఏటా నానమ్మదే. గాలికి పొడి ఎగరకుండా తలుపు మూసుకుని, బానల్లో పొర కందులు, పొర ఎండు వేపాకు, పైన ఇంత వసకొమ్ము పొడి వేసుకుంటూ ఒక్కతే చేసేది. ఆ కాసేపు రెండో మనిషిని లోపల ఉండనిచ్చేది కాదు.

ఈసారి ఆమె మోకాళ్లు వంగడం లేదు. పట్నం నుంచి పురుగుమందు మాత్రలు తెచ్చి బానల్లో పెడదామన్నాడు బాబాయి. వాటి గాలి విషమని, పాప పడుకునేది పక్కగదిలోనేనని పిన్ని గుర్తు చేసింది. అయితే నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లిరమ్మన్నాడు. పిన్ని ముఖం ముడుచుకుంది. నానమ్మ ఏ సంగతీ సాయంత్రం చెప్తానంది.

నేను చేస్తానని చెప్పాలని పిచ్చుకకు ఎంతో ఉంది. చెప్పకుండానే వేపాకు తేవడానికి లేచింది.

కిందటి వారం తను ఎండలో ఆరబెట్టిన వేపాకును, సత్తువంతా పోయిందని నానమ్మ పెంటకుప్పలో పోయించింది. మళ్లీ కోసి నీడలో ఆరబెట్టిన ఆకును పిచ్చుక ఇప్పుడు తెచ్చి ఆమె ముందు పెట్టింది. నానమ్మ కాస్త నలిపి నాలుకకు రాసుకుంది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

వసకొమ్ము దంచమంది. దంచింది. పలుకులున్నాయి, మళ్లీ జల్లించమంది. జల్లించింది. ఇంకోసారి అంది. పిచ్చుక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంత పొడి ఘాటుకు, కొంత కాదు.

"అమ్మా, గింజల గదికి పిచ్చుకని కాపలా పెడతావా ఏంటి?" అన్నాడు బాబాయి.

పిన్ని నవ్వింది. నానమ్మ నవ్వలేదు. ఒక కందిగింజ పిచ్చుక చేతిలో పెట్టి కొరకమంది. పటుక్కుమంది.

"ఏం తెలిసింది?"

"తడి లేదు."

"అంత మెల్లగా చెప్తే పక్కనున్న కందికి కూడా వినబడదు," అని నానమ్మ అటు తిరిగిపోయింది.

పిచ్చుక ఆశ వదిలేసుకుంది.

పొద్దు వాలుతుండగా నానమ్మ పిలిచింది. తుమ్ములొస్తాయని పాత చీరపేలిక పిచ్చుక ముక్కుకు అడ్డంగా కట్టి, ఆకు, పొడి ఉన్న బుట్ట ఆ పిల్ల నెత్తిన పెట్టింది. బుట్ట లోపల దించి బయటికి రావడం, అంతవరకే ఏటా ఆ పిల్ల పని. ఈసారీ బానల పక్కన దించింది. వెనక్కి తిరిగేసరికి నానమ్మ గోడ పట్టుకుని గడప దాకా వచ్చి ఉంది. పిచ్చుక లోపలే పక్కకు తప్పుకుని ఆమెకు దారిచ్చింది.

"ఒరేయ్, పట్నం వెళ్లొద్దులే," అంది నానమ్మ కొడుకుతో. "మాత్రలు అక్కర్లేదు."

ఆ మోకాళ్లతో ఎలా వంగుతావని బాబాయి విసుక్కున్నాడు. నానమ్మ తలుపు రెక్క పట్టుకుని మెల్లగా లాగింది.

తలుపు మూసుకుంది.

నానమ్మ బయటే ఉంది.