పొద చాటు తలుపు

నీష్ ఊళ్లో కలీనాకు తెలియని సందు లేదు.

పైఊళ్లవాళ్లను వెంటేసుకుని కోట కిందా, నది ఒడ్డునా, రాగిపనివాళ్ల పాత వీధిలోనూ తిప్పడమే ఆమె బతుకుతెరువు. ఏ పెరట్లోంచి దూరితే ఏ వీధిలో తేలవచ్చో కళ్లు మూసుకుని చెబుతుంది.

ఆవేళ మాత్రం ఎవరినీ తిప్పలేదు. సెయింట్ జార్జి పండగ. తాతల నాటి నుంచీ ఆ ఇంటిని కాస్తున్న పునీతుడి రోజు, వాళ్ల స్లావా. నాన్న పోయాక మొదటిసారి కలీనా తన చేతుల మీదుగా చేస్తోంది. సంతోషంతో తెల్లవారకముందే లేచి కూర్చుంది.

బెదురల్లా చిన్నాన్న కొడుకు మిరొల్యుబ్ గురించే.

"స్లావా మగవాళ్ల సొత్తు. పెదనాన్న ఊసే లేదు, మీ నాన్న పోయాడు. ఇక వంశానికి పెద్దని నేనే" అన్నాడు వస్తూనే. "రొట్టె విరవడం నీవల్ల కాకపోతే ఆ పండగ దీపం మా ఇంటికి పట్టుకుపోతా, ఇక స్లావా అక్కడే."

పండగ రొట్టెకు ఒక అంచు ఇంటి పెద్ద పట్టుకోవాలి, రెండో అంచు వంశంలో మగవాడో, వచ్చిన అతిథో పట్టుకోవాలి. ఒక్కచేత్తో విరిచేది కాదు.

మధ్యాహ్నానికి పెరడు నిండిపోయింది. స్లావాకు పిలుపులుండవు, వచ్చినవాడే చుట్టం. గొర్రెపిల్ల కాలుతున్న వాసన వీధి చివరిదాకా వెళ్లి జనాన్ని లాక్కొస్తోంది.

అంతలో పెరటి మూల ఊదాపూల పొద కదిలింది.

దాని వెనక నుంచి ఒక ముసలాయన టోపీ మీది పూలు దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

కలీనా పరుగెత్తి పొద వెనక్కి తొంగిచూసింది. గోడలో నడుమెత్తు తలుపు, అవతల రాగిపనివాళ్ల వీధి. పుట్టి పెరిగిన ఇంట్లో ఇన్నేళ్లూ చూడని తలుపు. ఆమెకు గంతులేయాలనిపించింది.

"ఊరందరికీ దారి చూపిస్తాను, నా పెరటి దారి నాకే తెలీదు" అని నవ్వేసింది.

"తెలిసినవాళ్లకే తెలుస్తుందిలే తల్లీ" అన్నాడాయన.

పండగకు వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగడం మర్యాద కాదు. మిరొల్యుబ్ తరఫువాడై ఉంటాడని ఆమె అనుకుంది. కలీనా ఊరు తిప్పే పైఊరివాడై ఉంటాడని మిరొల్యుబ్ అనుకున్నాడు.

కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు. ఇంకోటి వేస్తే దాన్ని మరొకరికి జరిపాడు. స్లావా నాడు ఇంటి పెద్ద కూర్చోకూడదు, నిలబడే వడ్డించాలి గనక కలీనాకు అప్పటికే అరికాళ్లు మంటలెత్తుతున్నాయి. ఈయనకేం ఖర్మ అనుకుంది. ఆయన మాత్రం రకియా సారా సీసా పుచ్చుకుని ప్రతివాడి గ్లాసూ నింపుతూ, ఆడవాళ్లను నవ్విస్తూ తిరిగాడు.

"ఏం పెద్దాయనా, కూర్చుంటే పాంటు నలుగుతుందా?" అని మిరొల్యుబ్ ఎకసెక్కమాడాడు.

"నలభై ఏళ్లు కూర్చునే ఉన్నాను బాబూ. ఇవాళ నిలబడనీ."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, కలీనా చెవిలో, లోపల మంచం మీదున్న పెద్దావిడకు కార్జం పంపమనీ, పైన ఉల్లికాడ సన్నగా తరిగి చల్లమనీ చెప్పాడు. లోపల అవ్వ ఉన్న సంగతి మిరొల్యుబ్ చెప్పి ఉంటాడనుకుంది. పళ్లెం పంపింది.

రొట్టె బల్ల మీదికి వచ్చింది. దీపం వెలిగింది. కలీనా ఒక అంచు పట్టుకుని అన్న వైపు చూసింది.

మిరొల్యుబ్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

తక్కిన మగవాళ్లు అతని మొహం చూసి నేల చూపులు చూశారు. నాన్న దీపం చేజారిపోతోందని తెలిసినా కలీనా తన అంచు వదల్లేదు.

అప్పుడు రెండో అంచు మీద ఒక ముడతలు పడ్డ చెయ్యి పడింది.

ముసలాయన తొణకలేదు, బెణకలేదు. ఎంతో అలవాటున్నవాడిలా రొట్టెను ఆమెతో పాటు తిప్పాడు, ద్రాక్షసారా పోశాడు, విరిచాడు. పెద్ద ముక్క కలీనా చేతికి వచ్చింది. పెద్ద ముక్క వచ్చినవాళ్లదే ఆ ఏడాది అదృష్టమంటారు.

"ఇక ఈ పండగ నీది. ఎవరు అడిగినా ఇవ్వకు" అన్నాడు నెమ్మదిగా.

పెరడంతా చప్పట్లు కొట్టింది. మిరొల్యుబ్ కూడా జేబుల్లోంచి చేతులు తీయక తప్పలేదు. కలీనాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వీధిలో బూరల మేళం మోగింది. మావాళ్లు పిలుస్తున్నారంటూ ముసలాయన టోపీ పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తన వంతు ముక్క బల్ల మీదే మరిచిపోయాడని కలీనా కాసేపటికి గాని చూడలేదు. ముక్క పట్టుకుని పొద చాటు తలుపులోంచి వీధిలోకి దూకింది. వీధి నిండా పండగ జనం. మేళం అప్పటికే వంతెన దాటిపోయింది.

తిరిగి వచ్చి ఆయన మీవాడేగా అని మిరొల్యుబ్‌ను అడిగింది. నీవాడనుకున్నానే అన్నాడతను తెల్లబోయి.

కలీనా ఆ ముక్క పట్టుకుని అవ్వ గదిలోకి వెళ్లింది. రొసాండ అవ్వ తాతకు చెల్లెలు, చూపు పోయి మంచం పట్టి ఏళ్లయింది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాకు కార్జం పంపమని ఎవరు చెప్పారే? ఇలా ఉల్లికాడ చల్లుకు తింటానని ఈ ఇంట్లో ఇప్పుడెవరికీ తెలీదు."

కలీనా ఉత్సాహంగా అంతా చెప్పింది. పొద, తలుపు, రొట్టె, పెద్ద ముక్క.

"ఆయన కూర్చున్నాడా?"

"లేదవ్వా. ఎంత చెప్పినా వినలేదు."

అవ్వ ఆ రొట్టె ముక్క అందుకుని కళ్లకద్దుకుంది.

"బూరలవాళ్ల పిల్లను చేసుకున్నాడని మీ తాత వాణ్ణి వీధి గుమ్మం తొక్కొద్దన్నాడు. ఇవాళా తొక్కలేదు చూశావా" అంది. "స్లావా నాడు కూర్చోనిది ఇంటి పెద్దేనే పిచ్చిదానా. నీతో పాటు పొద్దంతా నిలబడ్డవాడు మీ పెదనాన్న."