కాగు దింపిన రోజు

సంతలో నిలబడలేక ఫిలోమినా ముందే ఇంటికి వచ్చేసింది. వంటింటి తలుపు తియ్యగానే మాడిన బార్లీ వాసన గుప్పున తగిలింది. పొయ్యిలో బురదనేల నుంచి తవ్వి ఎండబెట్టిన పీట్ పెళ్ళలు ఎర్రగా కాలుతున్నాయి. పొయ్యి మీద రాగి కాగు. దాని ముందు భర్త కొల్మన్, చేతిలో పొడవాటి చెక్క గరిటె.

ఆ కాగు అటక మీద ఉండాలి. దాన్ని ఎప్పుడు దింపుతారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఎవరి కోసం?" అంది, గుడ్ల బుట్ట కింద పెట్టకుండానే.

అతను ఉలిక్కిపడ్డాడు. "అప్పుడే వచ్చేశావేం?"

"ఎవరి కోసమని అడిగాను."

"ఎవరి కోసమేంటి? తాగడానికి. పీట్ తవ్వే కుర్రాళ్ళకి."

"ఫిబ్రవరిలోనా? ఆ బురదనేలంతా మోకాటి లోతు నీళ్ళున్నాయి. ఏం తవ్వుతారు, కప్పల్నా?"

"పోనీ, ఈస్టరుకి పనికొస్తుందిలే."

"ఈస్టరుకి పబ్బు ఉంది. మీ ఇంట్లో ఎర్ర బీరు కాచేది ఒక్కదానికే, కొల్మన్. మీ నాన్న కాచుకున్నాడు. మీ చిన్నాన్న కాచుకున్నాడు. ఇద్దరి శవ జాగారాలకీ ఆ బీరు తాగినవాళ్ళ గ్లాసులు కడిగింది నేనే."

కొల్మన్ పెనంలో నల్లగా వేగిన బార్లీ గుప్పెడు తీసి కాగులో జల్లాడు. తేనె రంగులో ఉన్న నీళ్ళు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. కలుపుతూ కలుపుతూ దగ్గాడు. ఆ దగ్గు చలికాలమంతా అతన్ని వదల్లేదు.

ఫిలోమినాకి మంగళవారం గుర్తొచ్చింది. పట్నంలో డాక్టరు ఇద్దర్నీ పరీక్ష చేశాడు. ఆమె చేతికి ఒక టానిక్కు సీసా ఇచ్చి బయట కూర్చోమన్నాడు. కొల్మన్‌ని మాత్రం లోపలే ఉంచి తలుపు వేశాడు. బయటికి వచ్చాక అతను దారి పొడుగునా టోపీని చేతుల్లో నలుపుతూనే ఉన్నాడు. అడిగితే, "ఏముంది, పొగ మానెయ్యమన్నాడు" అన్నాడు. మానలేదు కూడా.

వాకిలి దగ్గర సైకిలు ఆగింది. ఆడపడుచు డింప్నా పాల క్యాను తిరిగివ్వడానికి వచ్చింది.

"దేవుడు ఈ ఇంటిని చల్లగా చూడాలి! ఏం తమ్ముడూ, వీధి చివరిదాకా వాసన..."

కాగు చూసింది. మాట ఆగిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. డింప్నా శిలువ గుర్తు వేసుకుంది.

"కూర్చో వదినా, టీ పెడతాను."

"వద్దు తల్లీ. దూడలు కట్టెయ్యాలి." పాల క్యాను గడపలోనే వదిలేసి, మరదలి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. టీ తాగకుండా ఆ ఇంట్లోంచి కదిలిన మనిషి కాదు డింప్నా.

ఫిలోమినా బుట్ట బల్ల మీద పెట్టింది. గూట్లోంచి ఇత్తడి గరిటె తీసి భర్త ముందు చాపింది.

"రుచి చూడు."

"ఏంటిది, చిన్నపిల్లలా."

"మీ నాన్న ఏమన్నాడో నాకు గుర్తుంది. 'ఎవరి జాగారానికి కాస్తామో వాళ్ళ నోట్లో చుక్క పడకూడదు. పడితే బీరు పులిసేదాకా ప్రాణం నిలవదు.' మీ చిన్నాన్న పెదవులకి ఆవిరి తగులుతుందేమోనని మఫ్లరు కట్టుకుని మరీ కాచాడు. కుర్రాళ్ళ కోసమే అయితే నీకేం భయం? తాగు."

"ముసలాళ్ళ మాటలు అవన్నీ."

"అయితే తాగు!"

చర్చి గంట మోగింది. అలవాటు కొద్దీ ఇద్దరూ తలలు వంచారు. గంట ఆగేదాకా కొల్మన్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. రోజూ చెప్పే ప్రార్థన కంటే అది పొడుగ్గా ఉందనిపించింది ఆమెకి.

"ఫిల్, వదిలెయ్యి," అన్నాడు మెల్లగా.

"వదలను. రేపు నేను ఒంటిదాన్నవుతానో కానో నాకు ఇప్పుడే తెలియాలి. నువ్వు చెప్పవు. డాక్టరు నాతో చెప్పడు. ఆడవాళ్ళం కదా, మా చేతికి టానిక్కు సీసాలిస్తే చాలు మీకు."

అతను ఆమెని చాలాసేపు చూశాడు. కళ్ళ చుట్టూ, చెంపల మీద, మెడ మీద, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"తాగితే ఇంకేం అడగకూడదు మరి."

"అడగను."

కొల్మన్ గరిటె అందుకున్నాడు. కాగులో నిండా ముంచాడు. ఆవిరి పోయేదాకా ఊదాడు. గుటక గుటకగా చివరిదాకా తాగి, ఖాళీ గరిటె ఆమెకి చూపించి బోర్లించాడు. ఒక్క చుక్క కూడా రాలలేదు.

ఫిలోమినాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతని భుజం మీద పిడికిలితో గుద్దింది.

"దొంగ సచ్చినోడా! నన్ను చంపేశావు కదయ్యా! జాగారానికి నల్ల గౌను ఇప్పుడు నాకు పడుతుందా లేదా అని లెక్కలేసుకుంటున్నాను ఇక్కడ! మీ అక్క మొహం చూశావా? రేపు ఊరంతా నీకు కొవ్వొత్తులు వెలిగిస్తారు!"

కొల్మన్ నవ్వలేదు. మూతి తుడుచుకుంటూ గోడ వైపు తిరిగాడు. ఆమె అదేం పట్టించుకోలేదు. ఎన్ని వారాల తర్వాతో ఆమెకి ఆకలేసినట్టనిపించింది.

"ఇటు ఇయ్యి. మీ నాన్న చేతి రుచి నీకు వచ్చిందో లేదో చూద్దాం," అంటూ గరిటె లాక్కుని, కాగులో ముంచి పెదవుల దగ్గరికి తెచ్చుకుంది.

కొల్మన్ అరచెయ్యి ఆమె నోటిని గట్టిగా మూసేసింది.