తడిబట్టల మొక్కు

సాగర్ నూట ఎనిమిది ధారల కింద తల తడిపి బయటికి వచ్చేసరికి ముక్తినాథ్ కొండ మీద మంచు పడటం మొదలైంది.

ఒంటి మీద నీళ్లు కారుతున్న పంచె తప్ప మరేమీ లేదు. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

తడిబట్టలతోనే గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు. కొడుక్కి సర్కారు కొలువు రావాలని తల్లి మొక్కిన మొక్కు.

వీపున సంచీ తగిలించుకుని నేపాల్ తిరిగొస్తానని బయలుదేరినప్పుడు అశోక్‌నగర్ హాస్టల్ మిత్రులు చెప్పనే చెప్పారు.

"స్వెటరన్న కొనుక్కోరా. నారాయణగూడల సస్తగ దొరుకుతయి."

"ఫ్యాన్ లేకుంటే నిద్ర వస్తలేదు, స్వెటరెందుకురా" అని నవ్వేశాడు.

మూడో చుట్టులో ఒక ముసలాయన రొప్పుతూ ఎదురొచ్చాడు. తలకి మంకీ క్యాప్, చంకలో రగ్గు.

"బాబూ, ఇక చాలు. పొడిబట్టలు కట్టుకో."

ఆ కొండ మీద తెలుగు మాట వినేసరికి సాగర్ ఆగాడు. రగ్గు చూసి సంగతి తెలిసిపోయిందనుకున్నాడు.

"రగ్గు కిరాయికిస్తవా తాతా? నాకొద్దు. వేరే బేరం చూస్కో."

"కిరాయి కాదు నాయనా. కప్పుకో."

"మొక్కు మధ్యల ఎట్ల కప్పుకుంట?"

"పొడిబట్టలు కట్టుకుంటే దేవుడు కోప్పడడు."

"నీకెట్ల తెలుసు? దేవునికి చుట్టానివా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. దగ్గుతెర ముంచుకొచ్చి మాట పెగల్లేదు.

సాగర్ ఆయన్ని పక్కకి నెట్టి నడిచాడు. ఐదో చుట్టు గుర్తుంది. ఆరోది లేదు.

కళ్లు తెరిచేసరికి ఏదో లాడ్జిలో పొయ్యి పక్కన ఉన్నాడు. ఒంటి మీద ఎవరిదో స్వెటర్, కాళ్లకి మేజోళ్లు, తలకి మంకీ క్యాప్, పైన రగ్గు.

"తాత ఏడి?"

లాడ్జి ఆమె హిందీలో చెప్పింది.

"అన్నీ నీకు తొడిగాడు. మేం పైకి వచ్చేదాకా మంచులో ఒంటి చొక్కాతో నిన్ను కావలించుకుని కూర్చున్నాడు. నువ్వు లేచావు. ఆయన లేవలేదు."

తాత జేబులో దొరికిన నంబరు చూసి ఆయన ఇంటికి ఫోన్ చేస్తే, రాగలవాళ్లెవరూ లేరు, అక్కడే కానివ్వండి అన్నారు. కొరివి సాగరే పెట్టాడు. అస్థికలు గండకిలో కలిపాడు.

తిరిగొచ్చాక చిక్కడపల్లిలో ఆయన ఇంటికి వెళ్తుంటే తల్లి కిష్టమ్మ కూడా వెంట వచ్చింది, ఆ ఇల్లాలి కాళ్ల మీద పడదామని.

తలుపు తీసిన ఆయన భార్య సుబ్బులుగారు మడత పెట్టిన స్వెటర్ అందుకుని వాళ్లని లోపలికి పిలిచింది.

"ఆయాసం మనిషి బాబూ. ఊరు దాటి ఎరగరు" అంది. "అక్కడ మంచు పడబోతోందని టీవీలో విన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరో పిల్లాడు చచ్చిపోతాడే, ఫోను కలవడం లేదే అంటూ రైలెక్కేశారు."

"నేనెవరో ఆయనకెట్ల తెలుసమ్మా?"

"నాకూ చెప్పలేదు బాబూ" అంది సుబ్బులుగారు.

కిష్టమ్మ మాత్రం గోడ మీది ఆయన ఫొటో ముందు కొయ్యబారిపోయి నిలబడింది.

"తడిబట్టలతోనే తిరగాలె, లేకుంటే మొక్కు చెల్లదని నువ్వు పోయే ముంగట నాకు జెప్పిన పంతులు ఈయనే బిడ్డా."