మేడ మీద కుట్టుమిషన్

"టైలరుగారూ, ఆ మిషన్ ఆపుతారా, లేక నన్నే ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటారా?"

తలుపు తీసిన పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. ఎదురుగా కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి. జుట్టు రేగిపోయి ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది.

"అది కాదమ్మా, నేను..."

"మీరేం చెప్పకండి. నాది ఆస్పత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి పడుకుంటానా, మధ్యాహ్నం దాకా దొర్లడమే సరిపోతుంది. కాస్త కునుకు పట్టే వేళకి మీ మిషన్ మొదలు! నిన్న నిద్రమత్తులో ఒకరి రక్తం సీసాకి ఇంకొకరి పేరు అంటించాను. పక్క సీటు ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంటికి పంపేస్తానన్నాడు మా పెద్దసారు."

"అయ్యో. నేను అసలు..."

"అర్జెంటు బట్టలుంటే సాయంత్రం కుట్టుకోండి. నేనేమన్నా కాదన్నానా?"

పెద్దాయన చెప్పబోయిన మాట మింగేశాడు.

"సరేనమ్మా. ఆపేస్తాను. రెండో చెప్పు మెట్ల మీద ఉందేమో చూసుకో."

ఆమె కిందికొచ్చి పడుకుంది. పైన చప్పుడు లేదు. వీధిలోనూ లేదు. ఇక హాయిగా నిద్రపోవచ్చు అనుకుంది.

గ్యాస్ కట్టేశానా? లేచి చూసింది. కట్టే ఉంది. మళ్ళీ పడుకుంది. గోడ మీద బల్లి నిద్రపోతే కింద పడదా? ఫోన్ తీసింది. కాసేపటికి చూసుకుంటే గుడ్లగూబ రెక్కల గురించి చదువుతోంది. బల్లి సంగతి తేలనే లేదు. ఫోన్ బోర్లా పెట్టింది. అక్క పెళ్ళిలో తను అనకూడని మాట ఒకటి అంది. అది ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి? అక్క ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. మర్చిపోయిందో లేదో. గ్యాస్ నిజంగానే కట్టేసి ఉందా?

మనసు ఒకచోట నిలవని ఈ తీరుకి డాక్టరు ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పాడు. పేరు తెలిసింది కదా, ఇక పిలిస్తే పలుకుతుందేమో అనుకుని ఆ రోజు దారి పొడుగునా నవ్వుకుంది. ఇంటికొచ్చాక ఆ జోకు చెప్పడానికి ఎవరూ లేరు.

కప్పు వైపు చూస్తూ పడుకుంది. పైనుంచి ఏదైనా వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టి ఉందని కాసేపటికి గానీ ఆమెకు తెలియలేదు.

అప్పుడు తట్టింది. రోజూ ఆ మిషన్ కాసేపు పరుగెత్తేది. గుడ్డ మూల తిప్పడానికన్నట్టు ఆగేది. మళ్ళీ పరుగెత్తేది. ఆగినప్పుడల్లా, ఇంకా మొదలవలేదేమిటా అని తన మనసు అక్కడే కాపలా కూర్చునేది. ఇంకెక్కడికీ పోయేది కాదు. ఆయన్ని తిట్టుకుంటూ, తిట్టుకుంటూనే తను నిద్రపోయేది. ఆ నాలుగు గడియల నిద్రా ఆ మిషన్ పెట్టిన భిక్షే.

మళ్ళీ మేడెక్కడానికి మొహం చెల్లలేదు. చప్పుడు చేసిపెట్టమని ఎవరినైనా ఎలా అడుగుతారు? దిండు వంక చూసింది. గలీబుకి ఒక పక్క కుట్లు ఊడి ఉన్నాయి. ఊడదీసి పట్టుకుని మెట్లెక్కింది.

"టైలరుగారూ, ఇది కాస్త కుట్టిపెడతారా?"

పెద్దాయన గలీబు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "ఇందాకే కదమ్మా ఆపమన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కుట్టమంటున్నాను. నా బుర్ర అంతేనండీ, దానికి బ్రేకుల్లేవు. మీ మిషన్ మోగకపోతే నాకు నిద్ర పట్టదని ఇప్పుడే తెలిసింది. ఇవాళ కూడా నిద్రలేకుండా డ్యూటీకి వెళితే రేపటికి నా ఉద్యోగం ఉండదు. చిరుగు చిన్నదే కదా అని గబగబా కానిచ్చేయకండి. మెల్లగా, పొద్దుపోయేదాకా కుట్టండి."

"అమ్మాయ్, ఒక్క మాట విను. నాకు..."

"మీకు పుణ్యముంటుంది!" అప్పటికే ఆమె సగం మెట్లు దిగేసింది.

పెద్దాయన గలీబు చేత్తో పట్టుకుని మిషన్ వైపు తిరిగాడు.

ఆమె పక్కమీద వాలేసరికి పైన మిషన్ కదిలింది. పరుగెత్తింది. ఆగింది. మూల తిప్పుతున్నాడు కాబోలు. మళ్ళీ పరుగెత్తింది. ఆగింది. ఇప్పుడు రెండో మూల... ఆ తర్వాత ఆమెకు తెలియదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ లేదు. ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. మిషన్ ఇంకా మోగుతూనే ఉంది. మొహం కడుక్కుని, డ్యూటీ బట్టలు వేసుకుని, రెండు కప్పుల టీ పట్టుకుని మేడెక్కింది.

తలుపు తెరిచే ఉంది. పెద్దాయన మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. వీపున చొక్కా చెమటకి అంటుకుపోయింది. కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. పక్కన స్టూలు మీద గలీబు మడతపెట్టి ఉంది. ఎదురుగా గోడ మీద ఒకావిడ ఫొటో, దానికి దండ.

"టైలరుగారూ, ఎన్నాళ్ళకి నిద్రపోయానో తెలుసా!" అంటూ కప్పులు పక్కన పెట్టి గలీబు విప్పింది.

కుట్లు ఊడిన చోట ఊడినట్టే ఉంది. మిషన్ వైపు చూసింది. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు.

"ఇదేమిటండీ, మధ్యాహ్నం నుంచీ మీరు..." అనబోయి ఆగింది. ఈసారి ఆయన్ని చెప్పనిచ్చింది.

పెద్దాయన చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపాడు. ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

"మిషన్ మా ఆవిడదమ్మా," అన్నాడు. "నాకు కుట్టడం రాదు."