గూట్లో పెట్టె

“ఇంకొక్కటి చూడు బిడ్డా,” అంది ఆగమ్మ.

నగేష్ విసుక్కోలేదు. సొరుగులోంచి మరో హార్డ్‌డిస్కు తీసి కేబుల్‌కు తగిలించాడు. మొఘల్‌పురాలోని ఆ ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలన్నీ దాచిపెట్టే పని అతనిదే.

ఆగమ్మ బల్దియాలో రోడ్లు ఊడుస్తుంది. డ్యూటీ దిగి, నారింజ రంగు కోటైనా విప్పకుండా వచ్చింది. ఆమె కొడుకు డానియేలు డెకరేషన్ పనికి పోయేవాడు. మలక్‌పేటలో ఈ స్టూడియోవాళ్లే వీడియో తీసిన ఒక పెళ్లికి సీరియల్ లైట్లు కడుతూ షాకు కొట్టి చనిపోయాడు. తాగి వైరు పట్టుకున్నాడని కాంట్రాక్టరు చెప్పాడు. రాసుకునేవాళ్లు రాసుకున్నారు, నమ్మేవాళ్లు నమ్మారు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

“మావోడు చుక్క ముట్టలే. చర్చిల నా పక్కకు కూసునెటోళ్లు గూడ గదే మాట అంటున్నరు. గా వీడియోల వాడు సక్కగ నిలవడ్డది కనవడితె చాలు. ఇంకేం వద్దు నాకు.”

“ఫికర్ చెయ్యకమ్మా. ఉంటే దొరుకుతది.”

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు దిగాయి. ఆ కంప్యూటర్‌లో ఉన్న లైనక్స్ సిస్టమ్‌లో డిస్కు తగిలించగానే పని అయిపోదు. ముందు సిస్టమ్ దాన్ని గుర్తుపట్టాలి. అందులో ఎన్ని పార్టిషన్లు, అంటే అరలు, ఉన్నాయో చూసుకోవాలి. ఆ తర్వాత ఒక్కోదానికి ఒక ఫోల్డర్ చూపించి అక్కడ మౌంట్ చేయాలి. అప్పుడే లోపలున్నది కనిపిస్తుంది.

ఈ డిస్కులో రెండు పార్టిషన్లున్నాయి. రెండూ తెరిచి చూపించాడు. నయాపూల్ సేటు గారి కూతురి పెళ్లి. ఎవరిదో ఓణీల ఫంక్షన్. తెర నిండా ఎవరెవరో నవ్వుతున్నారు. ఆగమ్మ ముందుకు వంగి, వాళ్ల వెనకాల నిలబడ్డ పనివాళ్ల ముఖాలు వెతికింది.

“లేడు,” అంది.

“లేదమ్మా, ఇది గా పెళ్లి కాదు.”

“తీసినోళ్లనన్న అడిగితె?”

“కెమెరా పట్టెటోళ్లు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. ఎవర్ని వట్టుకుంటవమ్మా?”

సొరుగు ఖాళీ అయింది. తెర మీద ఒక మూల ఇంకో ఫోల్డర్ ఉంది.

“మరి గదేంది?”

నగేష్ తెరిచి చూపించాడు. లోపల ఏమీ లేదు. “కొత్త డిస్కమ్మా. గీడ మౌంట్ చేసి పెట్టిన. ఇంకా ఏం ఎక్కియ్యలే.”

“మౌంటంటె?”

“గూట్లె పెట్టె వెట్టినట్టు. పెట్టె వెడితెనే అండ్లున్న సామాన్ కనవడ్తది.”

ఆగమ్మ ఆ ఖాళీ ఫోల్డర్ వైపు వేలు చూపించింది. “గూట్లె అంతకుముందే ఏమన్న ఉంటె? పెట్టె ఎనకకు వడ్తది గద.”

“ఖాళీ గూట్లనే వెడ్తమమ్మా,” అంటూ నగేష్ టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

ఆమె టీ తాగలేదు. లేచి కోటు సర్దుకుంది. “పని ఇడిసిపెట్టి నాకోసం ఇంత కష్టపడ్డవు. నిన్ను గన్న తల్లి కడుపు సల్లగుండ.”

నగేష్ గుమ్మం దాకా వచ్చాడు. ఆగమ్మ రెండు మెట్లు దిగి ఆగింది. వెనక్కి తిరగలేదు.

“ఏమో బిడ్డా. గింతమంది అంటున్నరంటె తాగే ఉంటడేమొ.”

కన్నతల్లి నోటి నుంచి కూడా ఆ మాట వచ్చేసింది. ఇక లోకాన్ని అనుకుని ఏం లాభం? నారింజ రంగు కోటు సందు మలుపు తిరిగేదాకా నగేష్ చూస్తూ నిలబడ్డాడు.

లోపలికి వచ్చి షట్టర్ సగం దించాడు. కీబోర్డు ముందు కూర్చుని, కొత్త డిస్కును అన్‌మౌంట్ చేశాడు. పెట్టె పక్కకు తప్పుకుంది. ఇందాకటి ఖాళీ ఫోల్డర్‌లోనే, దాని వెనక దాగున్న వీడియో ఒకటి బయటపడింది. తుడిచేద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా అతనికి చేతులు రాలేదు. ఈసారీ తుడవబోయి, ప్లే నొక్కాడు.

నిచ్చెన మీద తిన్నగా నిలబడ్డ డానియేలు, “నగేషన్నా, మెయిన్ బంద్ చేసినవా?” అని అడిగితే, కెమెరా వెనక నుంచి నగేష్ గొంతు, “చేసిన తియ్, వైరు ఫ్రేముల అడ్డమొస్తుంది, పట్టుకొని జరుపు,” అంది.