ఒక్క దీర్ఘం

“చదువమ్మా, అందరికీ వినబడేలా చదువు,” అన్నారు జడ్జిగారు.

కోర్టు టైపిస్టు కళ్ళజోడు సర్దుకుని ముసలి హమాలీ ఇచ్చిన వాంగ్మూలం అందుకుంది. “ప్రశ్న: బీరువాని మూడో అంతస్తుకి మెట్ల మీద మోసారా, లిఫ్టులో ఎక్కించారా? జవాబు: అంతా మోసం.”

హాలంతా గొల్లున నవ్వింది.

“విన్నారా!” ఫిర్యాదు చేసిన వ్యాకరణం మాస్టారు ఎగిరి లేచారు. “మెట్ల కూలి మాట్లాడుకుని, నేను అటు తిరగ్గానే లిఫ్టులో ఎక్కించారు. వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నారు!”

బోనులో ముసలి హమాలీ తలొంచుకున్నాడు. పక్కనే అతని బావమరిది ముఖం పాలిపోయింది. మోసం రుజువైతే ఇద్దరి హమాలీ బిళ్ళలూ లాగేసుకుంటారు. బిళ్ళ లేనివాణ్ణి ఏ గోడౌనూ గుమ్మం తొక్కనివ్వదు.

టైపిస్టు కాగితం వంక మళ్ళీ చూసింది. ఆమె కీబోర్డులో దీర్ఘం పడితే పడుతుంది, లేకపోతే లేదు. కిందటి నెలే ఒక సాక్షి “ఆ కాలం పోయిందండీ” అంటే “ఆ కలం పోయిందండీ” అని కొట్టి, జడ్జిగారి చేత “ఏ రంగు పెన్ను?” అని అడిగించిన ఘనత ఆమెది. ఇప్పుడేమో రెండు కుటుంబాల పొట్ట కొట్టింది. పాపం అనిపించి ఇక ఆగలేకపోయింది.

“తప్పు నాదండీ! అది ‘అంతా మోసాం’ అయ్యుంటుంది. దీర్ఘం నేనే మింగేశాను.”

ముసలి హమాలీ ఏదో అనబోయాడు. బావమరిది అతని నడుం గిల్లాడు.

“రాసింది రాసినట్టే చదవాలి!” మాస్టారు గొంతు పెంచారు. “నిఘంటువు తీయండి. మోసమంటే మోసమే!”

“మాస్టారూ, నిఘంటువుకి మాట చాలు,” అన్నారు జడ్జిగారు. “ చట్టానికి మనసు కూడా కావాలి. కావాలని అబద్ధమాడి, మిమ్మల్ని నమ్మించి, నష్టపెట్టారని చూపించాలి. ఇంకేమైనా సాక్ష్యం ఉందా?”

“ఆ కాగితమే సాక్ష్యం!”

“అందులో ఊడింది గుణింతం. గుణింతం తప్పితే మీరు బడిలో గోడకుర్చీ వేయిస్తారేమో, నేను వేయించలేను. కేసు కొట్టేశాను.”

టైపిస్టుకి మాత్రం అక్షింతలు బాగానే పడ్డాయి.

సాయంత్రం ఆమె బయటికి వచ్చేసరికి వరండాలో ముసలి హమాలీ నిలబడి ఉన్నాడు.

“నా మూలాన మీరు మాట పడ్డారమ్మా.”

“నా తప్పుకి నేను పడ్డాను బాబాయ్. మీ బిళ్ళలు మిగిలాయి, అదే పదివేలు.”

“రేపు మాస్టారింటికి వెళ్తున్నాం. ఆ బీరువా కిందికి దించి, మళ్ళీ మెట్ల మీదే పైకి మోస్తాం. ఉత్తినే.”

“అదేం చోద్యం? ఒకసారి మోసారుగా!”

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆ రోజు నేను దీర్ఘం తియ్యలేదమ్మా.”